రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ సేవలు: దరఖాస్తు దగ్గర శ్రద్ధ, ముందుచూపు దగ్గర కొరత

సైన్యం నుంచి విరమణ పొంది వచ్చిన జవానుకు సొంత జిల్లాలో ప్రభుత్వం తరఫున పలికే గడప ఒక్కటే, అది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. అతని పింఛను లెక్క ప్రయాగ్‌రాజ్‌లో తేలుతుంది. సర్వీసు రికార్డు ఆర్టిలరీ వారికి నాసిక్‌లోనూ, మద్రాస్ రెజిమెంట్ వారికి వెల్లింగ్టన్‌లోనూ, ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగాల వారికి సికింద్రాబాద్‌లోనూ ఉంటుంది. వైద్యం ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ చూసుకుంటుంది, సరుకులు క్యాంటీన్ ఇస్తుంది. వీటిలో ఏది ఎక్కడ ఆగిపోయినా మనిషి వచ్చి కూర్చునేది మాత్రం ఈ కార్యాలయం బల్ల ముందే. మాజీ సైనికుల సంఘం పనుల మీద ఇలాంటి కార్యాలయాలకు ఏళ్లుగా వెళ్లి వస్తున్నవాడిగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ శాఖ అందించే సేవను రెండు కొలతలతో చూడదలచుకున్నాను. ఈరోజు చేతికి వచ్చిన కాగితాన్ని ఎలా చూస్తోందన్నది మొదటి కొలత. పదిహేనేళ్ల తరువాత వచ్చే మనిషి కోసం ఇప్పుడేం చేస్తోందన్నది రెండవది. మొదటిదానికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. రెండవదానికి రెండు వేయడం కూడా కొంత ఉదారమే.

ఈ వ్యవస్థ అమరిక తెలియకపోతే ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరిని అడగాలో తెలియదు కనుక దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. పైన రక్షణ మంత్రి అధ్యక్షతన కేంద్రీయ సైనిక బోర్డు ఉంటుంది, దాని కింద రాష్ట్రానికొక విభాగం, ఆ కింద జిల్లా కార్యాలయాలు ఉంటాయి. రాష్ట్ర, జిల్లా కార్యాలయాల నిర్వహణ ఖర్చులో మనవంటి రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం భరిస్తుంది, మిగిలిన 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. సిబ్బంది రాష్ట్రానికి చెందినవారు, పథకాల్లో సగం కేంద్రానివి. అమెరికాలో పెన్సిల్వేనియా వంటి రాష్ట్రంలో నేషనల్ గార్డు దళాలూ, మాజీ సైనికుల సంక్షేమమూ, వృద్ధ సైనికుల వసతి గృహాలూ ఒకే శాఖ కింద ఉంటాయి కనుక ఎవరు చేరుతున్నారో, ఎవరు బయటకు వస్తున్నారో ఆ శాఖకు ఒకే చోట తెలుస్తుంది. మన రాజ్యాంగంలో సైన్యం పూర్తిగా కేంద్రం విషయం. రాష్ట్రానికి దళాలు ఉండవు, దళాల నుంచి తిరిగి వచ్చిన మనుషులు మాత్రమే ఉంటారు. భర్తీ నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది, దాని ఫలితం పదిహేను, ఇరవై ఏళ్ల తరువాత ఒక మండల కేంద్రంలో బస్సు దిగుతుంది. దీర్ఘకాల ప్రణాళిక ఎక్కడైనా అవసరమే గానీ, ఇలా నిర్ణయం ఒకరిది, బాధ్యత మరొకరిది అయినచోట మరింత అవసరం.

ముందుగా బాగున్న సంగతులు. జిల్లా సైనిక సంక్షేమ అధికారి సాధారణంగా విరమణ పొందిన సైనికాధికారి అయి ఉంటారు, కింద పనిచేసే సంక్షేమ నిర్వాహకులు కూడా ఎక్కువగా మాజీ సైనికులే. వేరే ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ దొరకని సౌలభ్యం ఇది. కూర్చోగానే ఏ రెజిమెంట్ అని అడుగుతారు. డిశ్చార్జ్ బుక్కు ఏ పేజీలో ఏముంటుందో వారికి తెలుసు, మన చేత చెప్పించుకోరు. గుర్తింపు కార్డుల జారీ, వితంతువుల నమోదు, పిల్లల చదువుకు కావలసిన ధ్రువపత్రాలు వంటి మామూలు పనులు నేను చూసిన చాలా చోట్ల మర్యాదగా, లంచం ఊసు లేకుండా జరుగుతున్నాయి. నేను వేసిన నాలుగు మార్కుల్లో రెండు ఈ ఒక్క మాటకే.

ఆర్థిక సహాయ పథకాల్లో ఎక్కువమందికి ఉపయోగపడేవి రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వచ్చేవి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుపుకునే సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు జనం ఇచ్చే విరాళాలే ఈ నిధికి ఆధారం. హవల్దారు, ఆ లోపు ర్యాంకుల్లో పనిచేసి, పింఛను లేకుండా 65 ఏళ్లు దాటినవారికి, వారి వితంతువులకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉండేది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దానిని 8,000 చేశారు. ఇద్దరు పిల్లల వరకు చదువుకు నెలకు ఒక్కొక్కరికి 1,000గా ఉన్నది 2,000 అయింది, కూతురి పెళ్లికి ఇచ్చే 50,000 లక్ష అయింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే జిల్లా అధికారి పరిశీలించి పైకి పంపుతారు, మంజూరయ్యాక డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన పిల్లలకు ప్రధానమంత్రి ఉపకార వేతనం అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000 చొప్పున వేరే ఉంది. స్కానింగ్ సరిగా లేదని, సంతకం మసకగా ఉందని దరఖాస్తును ఊరికే తిప్పి పంపకుండా, అక్కడే కూర్చోబెట్టి సరిచేయించే గుమాస్తాలను నేను చూశాను.

అయితే ఇదే బల్ల దగ్గర ఎక్కువ కాలం తినేసే సమస్య ఒకటుంది. అది డబ్బుది కాదు, పేరుది. సైనిక రికార్డులో ఇంటిపేరు చాలామందికి పేరు చివర ఒంటి అక్షరంగా మిగిలిపోతుంది, కొందరికి అసలు ఉండదు. అదే ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా విస్తరించి పేరుకు ముందు నిలుస్తుంది. భార్య పేరులో అమ్మ, దేవి, కుమారి వంటివి ఒకచోట ఉండి మరొకచోట ఉండవు. పుట్టిన తేదీ బడికి వెళ్లని ఇల్లాలికి పెళ్లినాడు యూనిట్ క్లర్కు వేసిన అంచనా. జవాను ఉన్నంతకాలం ఇవేవీ అడ్డు రావు. అతను పోయిన తరువాత కుటుంబ పింఛను కోసం ఆమె సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్ ముందుకు వచ్చినప్పుడు పీపీఓలో, అంటే పింఛను మంజూరు ఉత్తర్వులో ఉన్న మనిషీ, ఆధార్‌లో ఉన్న మనిషీ ఒకరేనని నిరూపించే భారం మొత్తం ఆమె మీద పడుతుంది. ఒక జిల్లా కార్యాలయంలో ఇలాంటి ఒక వృద్ధురాలి కాగితాలను నోటరీ అఫిడవిట్ కావాలని ఒకసారి, తహసీల్దారు ధ్రువపత్రం కావాలని మరొకసారి, రికార్డ్ ఆఫీసుకే నేరుగా రాయమని ఇంకొకసారి వెనక్కి ఇచ్చారు. మూడూ ఒకేసారి చెప్పి ఉంటే ఆమెకు ఎండలో ప్రయాణాలు తగ్గేవి. పొరుగు జిల్లాలో ఇదే పనికి కావలసిన పత్రాలన్నీ ఒక కాగితం మీద అచ్చు వేసి చేతికి ఇస్తున్నారు. ఒకే శాఖలో రెండు తీరులు ఉండడానికి కారణం నియమం కాదు, కుర్చీలో ఉన్న మనిషి. మంచి అధికారి బదిలీ అయితే మంచి పద్ధతి కూడా ఆయనతో వెళ్లిపోతోంది.

ఈ పేర్ల తగాదాను జవాను సర్వీసులో ఉన్నప్పుడే పరిష్కరించవచ్చు. సెలవుపై ఊరికి వచ్చినప్పుడు ఆధార్‌తో పోల్చి, తేడా ఉంటే యూనిట్‌లో రికార్డును సవరించే పార్ట్ టూ ఆర్డర్ వేయించుకోమని జిల్లా కార్యాలయం చెప్పగలదు. ఎవరెవరికి చెప్పాలో తెలియాలంటే మాత్రం జిల్లా నుంచి సర్వీసులో ఉన్నవారి జాబితా తన దగ్గర ఉండాలి. కార్యాలయం పని విరమణ తరువాత మొదలవుతుందన్న భావన పాతుకుపోయినందువల్ల ఆ జాబితా మీద ఎవరికీ ధ్యాస లేదు.

నా అసలు ఆరోపణ ఇక్కడే ఉంది. ప్రభుత్వ శాఖలన్నింటిలోనూ భవిష్యత్తును ఎక్కువ కచ్చితంగా లెక్క కట్టగలిగినది సైనిక సంక్షేమ శాఖే. వ్యవసాయ శాఖకు వచ్చే ఏడు వానలు ఎలా ఉంటాయో తెలియదు, ఆరోగ్య శాఖకు ఏ జ్వరం వస్తుందో తెలియదు. ఒక సిపాయి ఏ ఏడు చేరాడో తెలిస్తే ఏ ఏడు తిరిగి వస్తాడో దాదాపు చెప్పవచ్చు. పింఛనుకు కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి, ఆపైన ప్రతి ర్యాంకుకు ఇన్నేళ్లని పరిమితి ఉంది. దేశం మొత్తం మీద ఏటా సుమారు 60 వేల మంది విరమిస్తారు, అందులో అత్యధికులు 35 నుంచి 50 ఏళ్ల మధ్య వయసువారు. అంటే 2040లో మన జిల్లాలకు తిరిగి వచ్చేవారిలో చాలామంది ఇప్పటికే యూనిఫాంలో ఉన్నారు. ఏ మండలానికి ఎంతమంది, ఏ ట్రేడులో, ఎన్నో తరగతి చదువుతో వస్తారన్నది సమాచారం తెప్పించుకుంటే తేలే సంగతి. ఇంత అనుకూలత ఉన్న శాఖ కూడా వచ్చినవారికి వచ్చినట్టు టోకెన్ ఇచ్చి కూర్చోబెడుతోంది.

దీని దెబ్బ ముందుగా తగిలేది రెండవ ఉద్యోగం వెతుక్కునే చోట. నలభై ఏళ్లకు ఇంటికి వచ్చిన హవల్దారుకు పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇల్లు సగం కట్టి ఉంటుంది. పింఛనులో సగం వరకు కమ్యూట్ చేసుకుని, అంటే ముందే ఒకేసారి మొత్తంగా తీసుకుని ఉంటే ఆ భాగం తిరిగి కలిసేది 15 ఏళ్ల తరువాతే. జిల్లా కార్యాలయం మాజీ సైనికులకు ఉపాధి నమోదు కేంద్రంగా కూడా పనిచేయాలి, రాష్ట్ర ఉద్యోగాల రోస్టరులో మాజీ సైనికులకు 2 శాతం వాటా కూడా ఉంది. ఆచరణలో నమోదు చేసుకున్నవారికి ఎక్కువగా వచ్చే పిలుపు ఏటీఎం ముందో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో కాపలా పనికి. రాడార్ మీద పనిచేసినవాడినీ, భారీ వాహనాల ఇంజన్లు విప్పి బిగించినవాడినీ, ఫీల్డ్ ఆసుపత్రిలో నర్సింగ్ సహాయకుడిగా పనిచేసినవాడినీ ఒకే వరుసలో నిలబెట్టి ఒకే కర్ర చేతికి ఇస్తున్నాం. సైన్యంలో నేర్చిన పనికి బయట చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ విరమణకు రెండేళ్ల ముందే చేతిలో ఉండేలా చూడడం కేంద్ర రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ బాధ్యత కావచ్చు. జిల్లాలో ఏ పరిశ్రమకు ఏ పనివాడు కావాలో కనుక్కుని ఆ డైరెక్టరేట్‌కు చెప్పవలసింది మాత్రం రాష్ట్రమే.

అగ్నివీరుల విషయానికి వస్తే గడువు మరీ దగ్గరలో ఉంది. నాలుగేళ్ల సర్వీసుకే భర్తీ చేసుకునేలా 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో తొలి ఏడాది లక్ష్యం 46 వేల మంది. ఆ ఏడాది చివర, 2023 మొదట్లో చేరినవారికి 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందిని సైన్యం ఉంచుకుంటుంది. మిగిలినవారు ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడేళ్ల మధ్య వయసులో, సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి తీసుకుని ఇంటికి వస్తారు. వారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, క్యాంటీన్ లేదు. అన్నిటికీ మించి పథకం నిబంధనల ప్రకారం వారికి మాజీ సైనికుడి హోదా కూడా లేదు. ఆ యువకుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వస్తే గుమాస్తా అతని పేరు ఏ రిజిస్టరులో రాయాలి? ఇది వాదన కోసం వేసిన ప్రశ్న కాదు, బల్ల అవతల ఉన్నవారిని అడిగితే వారి దగ్గరా జవాబు లేదు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో 10 శాతం కోటా 2022లోనే ప్రకటించారు. ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో అగ్నివీరులకు 20 శాతం కేటాయించింది. ఆ సంఖ్య చాలునా, చాలదా అన్నది వేరే చర్చ, తొలి జట్టు బయటకు రాకముందే నిర్ణయం తీసుకున్నారన్నది గమనించాలి. శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం వంటి జిల్లాల్లో భర్తీ ర్యాలీలకు తెల్లవారుజామునే పరుగెత్తే కుర్రాళ్లను చూసినవారికి ఈ సమస్య బరువు విడిగా చెప్పనక్కరలేదు. హోదా ఇచ్చే అధికారం రాష్ట్రానికి లేకపోవచ్చు గానీ, ప్రత్యేక రిజిస్టరు తెరవడానికీ, పది పాసై చేరినవారి ఇంటర్ సమాన పత్రాన్ని స్థానిక నియామకాల్లో గుర్తించడానికీ, సేవానిధి చేతికి రాగానే చుట్టుముట్టే చిట్టీల వాళ్ల, రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నుంచి కాపాడే సలహా కేంద్రం పెట్టడానికీ ఢిల్లీ అనుమతి అవసరం లేదు.

ప్రణాళిక లేనిచోట ప్రకటనలు రాజ్యం చేస్తాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, ఆయన సతీమణికి గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ నియంత్రణ రేఖ వద్ద ప్రాణాలర్పించినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, ఇంటిస్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఈ కుటుంబాలకు ఇచ్చినదానిలో ఒక్క రూపాయి ఎక్కువని ఎవరూ అనరు, అనకూడదు. కెమెరాలు వెళ్లని ఊళ్లో, మంచు చరియ కిందో, వాహన ప్రమాదంలోనో పోయిన సిపాయి భార్యకు తనకేం వస్తుందో ముందుగా తెలియదు. ఏ పరిస్థితిలో ఎంత, ఎన్ని రోజుల్లో, ఎవరి సంతకంతో అన్నది అందరికీ కనిపించే ఒకే పట్టికలో రాసి గోడకు తగిలించడమే దీనికి పరిష్కారం. అలా రాసిపెట్టాలంటే వచ్చే పదేళ్లకు డబ్బు పక్కన పెట్టాలి, అందుకే ప్రకటనే తేలికగా ఉంటుంది.

మరోవైపు వృద్ధులు ఉన్నారు. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల సిపాయి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాడు, ఆ తరంలో చాలా ఇళ్లలో ఇప్పుడు మిగిలింది భార్యే. బతికే ఉన్నామని ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి, ముసలి వేళ్ల ముద్రలు యంత్రానికి అందవు. తాడేపల్లిగూడెం దగ్గర ఇంటింటికీ సైనికుడున్న మాధవరం వంటి ఊళ్లలో నెలకొకసారి కార్యాలయమే వచ్చి కూర్చుంటే పని ఒక పూటలో అయిపోతుంది. 2016లో తెలంగాణలోనూ, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు పెరిగాయి గానీ, సైనిక సంక్షేమ కార్యాలయం కోసం చాలామంది ఇప్పటికీ పాత జిల్లా కేంద్రానికే బస్సెక్కుతున్నారు. కొత్త కార్యాలయాలు ఎక్కడ కావాలన్నది రాజకీయ పటం చూసి కాక, ఏ మండలంలో ఎందరు మాజీ సైనికులు, ఎందరు వితంతువులు, రాబోయే పదేళ్లలో ఎందరు చేరతారు అన్న లెక్క చూసి తేల్చాలి.

భూతగాదాల గురించి ఒక్క మాట. ఇరవై ఏళ్లు సరిహద్దులో ఉన్నవాడి గట్టు ఎవరో ఒకరు జరుపుతారు, ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి మాజీ సైనికులకు ఇచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ల తరువాత అమ్ముకోవచ్చని నియమం ఉన్నా నిరభ్యంతర పత్రం దగ్గర ఫైలు నిలిచిపోతుంది. 2025 జూలైలో మొదలైన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల్లో న్యాయసహాయ కేంద్రాలు పెట్టడం ఈ మధ్య ఈ రంగంలో జరిగిన మేలైన పని. వాటిని వారానికొక రోజు తెరిచే గదిగా మిగల్చకుండా రెవెన్యూ కార్యాలయంతో కలిపితే ఉపయోగం ఉంటుంది.

ఇన్ని లోపాలు చెప్పినా, విరమణ పొంది వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలోనే ఈ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలనే నా సలహా. డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, భార్యాభర్తల ఆధార్, పాన్, ఉమ్మడి బ్యాంకు ఖాతా పుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు అసలూ నకలూ తీసుకెళ్లండి. వైద్యానికి సంబంధించిన ఫిర్యాదులు ఈసీహెచ్ఎస్ ప్రాంతీయ కేంద్రం పరిధిలోనివి కనుక వాటితో ఇక్కడ సమయం పోగొట్టుకోవద్దు. కూతురి పెళ్లి సహాయానికి పెళ్లి జరిగిన 180 రోజుల లోపే దరఖాస్తు పెట్టాలి, ఈ గడువు తెలియక పోగొట్టుకుంటున్నవారు చాలామంది. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు యూనిట్ వదిలే లోపే తమ పేరూ, భార్య పేరూ, పిల్లల పుట్టిన తేదీలూ ఆధార్‌లో ఉన్నట్టే పార్ట్ టూ ఆర్డర్‌లో ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.